కుర్చీ ఖాళీగా ఉన్న మూడు గంటలు

పొద్దున్నే ఎనిమిదింటి బస్సు మలుపు తిరిగేసరికి స్టాపులో ముగ్గురు తయారుగా ఉండేవారు. ఒకరు లెక్కల మాస్టారు, ఒకరు మందుల షాపులో పనిచేసే అమ్మాయి, మూడోది ఆ అమ్మాయి వెనకాలే నడిచొచ్చిన, నవారు అల్లిన చెక్క కుర్చీ. కుర్చీని మనుషుల్లో కలిపేశానేమిటి అనుకోకండి, ఆ బస్సులో అందరూ అలాగే కలిపేవారు. మాస్టారు ముందెక్కేవారు, తర్వాత అమ్మాయి, ఆఖర్న కుర్చీ. ముందుకాళ్ళు మెట్టు మీద వేసి, కాసేపు ఆగి, వెనకకాళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కేది.

"దాన్ని కాస్త లోపలికి జరగమను చెల్లెమ్మా, తలుపు పడట్లేదు," అనేవాడు కండక్టరు.

"చెబితే వినే రకమైతే ఆరేళ్ళ కిందటే చెప్పేదాన్ని అన్నా."

రోజూ అదే మాట, రోజూ అదే జవాబు. ఆ పిల్లకి కుర్చీ పిల్ల అని పేరు పెట్టింది కూడా ఆ కండక్టరే. ఇంతా చేసి, వెంట కుర్చీ ఉండి కూడా ఆ పిల్ల దిగేదాకా నిలబడే ఉండేది. బస్సు ఎంత కిక్కిరిసినా ఇంకెవరూ అందులో కూర్చునేవారు కారు. ఓసారి కొత్తగా ఎక్కిన పెద్దాయన ఒకాయన మోకాళ్ళ నొప్పులంటూ అందులో కూలబడ్డాడు. ఒక్క స్టాపు దాటిందో లేదో లేచి నిలబడ్డాడు.

"పక్కన ఎవరో పడుకుని ఊపిరి తీసుకుంటున్నట్టుందమ్మా. బాగా ఆయాసపడుతున్నారు పాపం."

"మా అమ్మండి," అంది కుర్చీ పిల్ల.

"అలాగా," అని ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మిగతా దారంతా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

కుర్చీ సంగతి ముందు చెప్పాలి. ఈ పిల్ల డిగ్రీలో చేరిన ఏడాదే వాళ్ళమ్మ మంచం పట్టింది. ఊపిరితిత్తుల జబ్బు. నాన్న టైలరు. ముందుగదిలో నాన్న కుట్టుమిషను, వెనకగదిలో అమ్మ మంచం, మంచం పక్కన ఈ కుర్చీ. రెండేళ్ళపాటు ఆ పిల్ల ఆ కుర్చీలోనే ఉంది. మందులు వేసేది, వీపు రాసేది, ఉమ్మిన గిన్నె కడిగి తెచ్చేది, మళ్ళీ వచ్చి కూర్చునేది. కాలేజీకి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మార్కులెక్కడి నుంచి వస్తాయి మరి? పన్నెండు, పద్దెనిమిది, తొమ్మిది, కొన్నిచోట్ల పరీక్షకే రాలేదని ఓ అడ్డగీత.

చదివిందల్లా ఒక్క శరీరశాస్త్రం. అదీ అమ్మ అడిగిందని. "నా లోపల ఏం జరుగుతోందో అందులో రాసుంటుంది కదే, పైకి చదువు," అనేది అమ్మ. ఊపిరితిత్తుల పాఠం ఎన్నిసార్లు చదివించుకుందో! "అబ్బో, నాలో ఇన్ని కోట్ల గాలిగదులున్నాయా? ఒక్కదాంట్లోనూ గాలాడదేం మరి?" అని నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. దగ్గు తగ్గాక మళ్ళీ చదవమనేది.

ఆఖరి ఏడాది పరీక్షలన్నీ ఎగ్గొట్టిన పిల్లని, ఆ ఒక్కటైనా రాసి రమ్మని అమ్మే పోరుపెట్టింది. పిల్ల ససేమిరా అంది. అప్పుడు నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వెళ్ళమ్మలూ. నేను కూర్చుంటాగా."

కూర్చున్నాడు కూడా. ఎంతసేపు? పావుగంట. భార్య ఒక్కో ఊపిరికీ అలా ఎగబీలుస్తుంటే చూడలేకపోయాడు ఆ పిచ్చి మారాజు. ఓ కాలరు కుట్టి వస్తానని ముందుగదిలోకి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టాడు. కాలరు అయిపోయింది, చేతులు అయిపోయాయి, తొక్కుతూనే ఉన్నాడు. మిషను ఆగితే వెనకగది వినపడుతుంది, అదీ ఆయన భయం. ఆ చప్పుడులో ఆమె పిలిచిన పిలుపు ఆయనకి వినపడలేదు. గోడ అవతల పక్కింటి పిన్నికి వినపడింది. ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, మంచం మీద మనిషి లేదు, అంటే ఉంది, కానీ లేదు.

పిల్ల పరీక్ష బాగా రాసింది. దారంతా నవ్వుకుంటూ వచ్చింది. గాలిగదుల ప్రశ్నే వచ్చిందని అమ్మకి చెబుదామని మెట్లు రెండేసి ఎక్కింది.

కర్మకాండలు అయిపోయిన మర్నాడు ఆ పిల్ల గుమ్మం దిగితే, వెనకాల టకటకమని చప్పుడైంది. తిరిగి చూస్తే కుర్చీ. ఆ రోజు నుంచి అది వదల్లేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అందులో కూర్చోనూ లేదు. నాన్న సంగతంటారా, మిషను మీద దుప్పటి కప్పేశాడు. కిటికీ దగ్గర కూర్చుని చేత్తోనే కుట్టేవాడు. ఒక చొక్కాకి పది రోజులా అని జనం విసుక్కున్నా ఆ దుప్పటి తీసేవాడు కాదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ పరీక్ష జరిగిన ఆ మూడు గంటల గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

డిగ్రీ అలా గంగలో కలిసింది. పిల్ల మందుల షాపులో చేరింది. అయితే మనసంతా నర్సింగ్ స్కూలు మీదే. పెద్దాసుపత్రి పక్కనే ఉంది అది, మూడో స్టాపులో. రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ కిటికీలోంచే గుమాస్తా కాగితం తిప్పికొట్టాడు.

"ఏమ్మా, ఇవి మార్కులా, బూటు సైజులా? పాత కాలేజీ మార్కులు చూస్తారిక్కడ. తెలీదా?"

"తెలుసండి. అయినా పెట్టాను."

"పెడితే సరిపోయిందా," అని కిటికీ మూసేశాడు. కుర్చీ ఆ కిటికీ కింద కాసేపు నిలబడి, మెల్లగా ఆ పిల్ల వెంట నడిచింది.

ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది. అదృష్టమో ఏమో, మార్కులు తక్కువైనవాళ్ళు ప్రిన్సిపాలుని కలిసి తమ సంగతి చెప్పుకోవచ్చని ఈసారి నోటీసు పెట్టారు. ఆ పొద్దున నాన్న కొత్తగా కుట్టిన తెల్ల చొక్కా తెచ్చి చేతికిచ్చాడు. ప్రతి కుట్టూ చేతికుట్టే.

"కుర్చీని తీసుకెళ్ళకమ్మలూ. అది చూసి జాలిపడతారు. జాలిపడిన చోట సీటివ్వరు."

"నేను తీసుకెళ్ళడమేమిటి నాన్నా, అదే వస్తుంది."

నాన్న మెడలోని కొలతల టేపు తీసిచ్చాడు. "దేనికైనా కట్టెయ్యి."

అలాగే కట్టింది. వరండాలో కిటికీ చువ్వకి రెండు ముళ్ళు వేసి, లోపలికెళ్ళి నిలబడింది. బల్ల వెనక ఇద్దరున్నారు, మధ్య సీటు ఖాళీ. ప్రిన్సిపాలు, అంటే పెద్ద మేడమ్, వార్డులోంచి ఇంకా రాలేదన్నారు. పావుగంటయ్యింది, అరగంటయ్యింది. గోడ మీద గడియారం తప్ప ఎవరూ కదలడం లేదు. బయట కుర్చీ చప్పుడు చెయ్యకపోయేసరికి పిల్ల రెండుసార్లు తలుపు వైపు తిరిగి చూసింది.

అప్పుడు తలుపు తోసుకుని పెద్ద మేడమ్ వచ్చింది. అరవయ్యేళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, వాచిన పాదాలు. చేత్తో కుర్చీ పట్టుకొచ్చింది. టేపు దాని కాలికి తోకలా వేలాడుతోంది. బల్ల వెనకున్న మెత్తటి సీటు వదిలేసి, ఈ కుర్చీని పిల్లకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"కాళ్ళు లాగుతుంటే వరండాలో కాసేపు ఇందులో కూర్చున్నాను. ఊపిరి వినపడింది. గడియారం చూసి లెక్కపెట్టాను, నిమిషానికి ముప్ఫై నాలుగు. మీ అమ్మా?"

"అవునండి."

"ఎన్నాళ్ళు చేశావు?"

"రెండేళ్ళు."

ఆవిడ లేచి కుర్చీని వెలుతురుకి తిప్పింది. "ఈ నవారు చూడు, ముందంచు దగ్గరే సాగిపోయింది. వెనకంతా కొత్తదే. రెండేళ్ళలో ఒక్కరోజైనా వెనక్కి ఆనుకుని కూర్చోలేదా నువ్వు?"

పిల్ల తల దించుకుంది. ఇన్నేళ్ళుగా ఆ సంగతి ఎవరూ చూడలేదు, తను కూడా చూసుకోలేదు.

మేడమ్ మార్కుల కాగితం అందుకుంది. పై నుంచి కిందకి వేలు జరిపింది. "తొమ్మిది. పన్నెండు. గీత, గీత. ఇదేమిటి, శరీరశాస్త్రంలో మాత్రం డెబ్బై ఎనిమిదా? ఇంత బాగా రాయగలదానివి మిగతావి ఎందుకు వదిలేశావు?"

"ఆఖరి ఏడాది ఆ ఒక్క పరీక్షకే కుర్చీలోంచి లేచి వెళ్ళానండి."

"లేస్తే?"

"అమ్మ పోయింది." ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, చెప్పాల్సినవాళ్ళ ముందు కాకుండా ఎవరో పరాయి మనిషి ముందు బయటికొచ్చింది. "అమ్మ పిలిచిందటండి. అప్పుడు నేను గాలిగదుల బొమ్మ గీస్తున్నాను. చాలా బాగా గీశానండి. ఆ మార్కుల మీద వేలు అడ్డం పెట్టుకునే ఈ కాగితం చూస్తానండి."

బల్ల వెనకున్న ఇద్దరూ కాగితాలు సర్దుకున్నారు. మేడమ్ ఓదార్చలేదు.

"విను తల్లీ. కుర్చీలో కూర్చోవడం కూతురి పని. లేచి వెళ్ళడం నర్సు పని. నీ వార్డులో ఇరవైమంది ఉంటారు. ఒకరి చెయ్యి పట్టుకున్నప్పుడు ఇంకొకరు పిలుస్తారు. ఈ చెయ్యి వదిలి అక్కడికి వెళ్ళాలి. వెనక్కి వచ్చేసరికి ఈ మనిషి ఉండకపోవచ్చు. నాకు ఎన్నిసార్లు అలా జరిగిందో అడక్కు. లేవగలవా?"

గలను అని చెప్పాలని పిల్లకి తెలుసు. ఆ మాట కోసమే చేతికుట్టు చొక్కా వేసుకుని వచ్చింది. కానీ ఆ కుర్చీ ఎదుట అబద్ధం నోటికి రాలేదు.

"తెలీదండి."

మేడమ్ పెన్ను మూత తీసింది. కాగితం మీద సంతకం పెట్టింది. "పాత మార్కులు నేను దిద్దలేను. మొదటి పరీక్ష తప్పితే మొహమాటం లేకుండా పంపించేస్తాను. సోమవారం పొద్దున తొమ్మిదింటికి రా. హాస్టల్లో ఉండాలి. కుర్చీని మాత్రం తేకు, మా మంచాల మధ్య చోటు లేదు."

కండక్టరు ఆ సాయంత్రం బస్సంతా వినపడేలా సంగతి చెప్పేశాడు. లెక్కల మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, డెబ్బై ఎనిమిది చాలా మంచి మార్కమ్మా అన్నారు. పిల్ల నవ్వింది, ఆ నవ్వు ఏడుపుకి దగ్గరగా ఉంది.

సోమవారం వచ్చింది. పెట్టె సర్దుకుని పిల్ల గుమ్మం దిగింది. టకటక. వెనకే కుర్చీ. తీసుకెళ్ళి వెనకగదిలో పెట్టి తలుపేసింది. తలుపుని కాళ్ళతో తన్నడం మొదలుపెట్టింది అది. గడియ ఊడి కింద పడింది. కుర్చీ మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, పిల్ల పెట్టె కిందపెట్టేదాకా ఆగి, పక్కనే నిలబడింది. బస్సుకి పది నిమిషాలే ఉంది.

"నేను వెళ్ళను నాన్నా," అంది పిల్ల. "దీన్ని వదిలేసి ఎలా వెళ్ళను? ఒకసారి వదిలి వెళ్ళినందుకే..."

నాన్న కిటికీ దగ్గర్నుంచి లేచాడు. చేతిలో సూది బల్ల మీద పెట్టాడు. మెల్లగా వచ్చి కుర్చీ ఎదుట నిలబడ్డాడు. ఆరేళ్ళలో ఆయన దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. దాంట్లో కూర్చుంటే ఏం వినపడుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆయనకి మరీ తెలుసు.

"నువ్వెళ్ళమ్మలూ," అన్నాడు. "నేను కూర్చుంటా."

పిల్ల ఆయన్ని చూసింది. అవే మాటలు, అదే గొంతు.

"ఈసారి లేవను. నీ మీద ఒట్టు."

కూర్చున్నాడు. కుర్చీ కింద నుంచి గింజుకుంది. వీధి వైపు జానెడు జరిగింది, ఇంకో జానెడు జరిగింది. నాన్న రెండు చేతులా దాని చేతులు పట్టుకుని, పాదాలు నేలకి తన్నిపెట్టి, తన బరువంతా వేశాడు. ఉన్నట్టుండి ఆయన మొహం మారిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, అయినా తుడుచుకోడానికి చేతులు వదల్లేదు. పిల్లని వెళ్ళమన్నట్టు గడ్డం మాత్రం వీధి వైపు ఆడించాడు.

పిల్ల పెట్టె ఎత్తుకుంది. నడిచింది. పది అడుగులు వేసింది, వెనకాల చప్పుడు లేదు. ఇరవై అడుగులు వేసింది. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి తన చెప్పుల చప్పుడు తనకే వినపడింది. మలుపు దగ్గర ఆగింది. తెరిచిన గుమ్మంలోంచి నాన్న గొంతు వస్తోంది, చాలా మెత్తగా, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు.

"ఆ, వినపడింది. చెప్పు. ఇక్కడే ఉన్నాను."

బస్సు వచ్చింది. పిల్ల ఎక్కింది. కండక్టరు అలవాటుకొద్దీ తలుపు వెయ్యకుండా కాసేపు ఆగాడు.