లిస్టులో లేని స్కానర్

తెల్లారేసరికి మబ్బు గుట్ట మీదికి దిగి కూర్చుంది. కురవదు, కదలదు. జంపయ్య ఒకసారి అటు చూసి, పోడు భూమి కాగితాల సంచి చంకన పెట్టుకుని పంచాయతీ గదికి నడిచాడు. పట్టా కోసం ఆ కాగితాలు స్కాన్ చేసి పంపడానికి అదే ఆఖరి రోజు.

పంచాయతీ కంప్యూటర్ పని చూసే జకర్యా అప్పటికే దాని ముందున్నాడు. మధిర వైపు మనిషి. చర్లలో కిరాయికుంటూ వారానికి రెండుసార్లు ఈ గూడేనికి వస్తాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెడుతున్నాయి. పక్కన స్కానర్ మీద పచ్చ లైటు వెలుగుతోంది.

"స్కానర్ కనబడట్లేదు బాబాయ్."

"నీ ముంగటనే ఉన్నది గద."

"నాకు కాదు, కంప్యూటర్‌కి."

జంపయ్య గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. మంగళవారం ఇదే స్కానర్ పనిచేసింది. ఆ మధ్యాహ్నమే, తన భూమి మీద కన్నేసిన కిషన్‌లాల్ దుకాణం ముందు ఈ జకర్యా నవ్వుతూ నిలబడడం చూశాడు. ఇవాళ తన వంతు వచ్చేసరికి కనబడదట.

"కిషన్‌లాల్ చాయ్ మంచిగుంటదా సారూ?"

ఎన్నడూ సారూ అనని మనిషి. జకర్యా చేతులు ఆగాయి. "ఇంకో కొట్టుంటే చూపించు. అక్కడే తాగుతా."

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. వైరు పీకి వెనక సందులో గుచ్చాడు. కమాండ్ కొడితే, తగిలించినవన్నీ వరసగా తెర మీద పడ్డాయి. కీబోర్డు ఉంది. మౌస్ ఉంది. స్కానర్ లేదు.

"ఏందో కొడ్తనే ఉన్నవ్. నా పేరు తుడుస్తున్నవా ఏంది?"

"అడుగుతున్నా. ఈ కంప్యూటర్‌ని నడిపేది లినక్స్ బాబాయ్, అడిగితే ఉన్నదే చెప్తుంది."

"దీపమైతే వెలుగుతున్నది. మరి అబద్ధం ఎవరిది?"

జకర్యా వైరు మరోసారి పీకి గుచ్చి తెరనే చూశాడు. ఒక్క అక్షరం కదల్లేదు. "స్కానరే చెడితే కంప్యూటర్ కనీసం గొణుగుతుంది," అని వైరును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది దీని వైరు కాదు. ఉత్త చార్జింగ్ వైరు. లైటు వెలిగే కరెంటు పోతుందిగానీ, కబురు మోసే తీగల్లేవు. చూసుకోకుండా ఇక్కడున్నది గుచ్చేశా. అసలుది లావుగా నల్లగా ఉండాలి. ఎవరో పట్టుకుపోయారు."

"ఎవరో," అన్నాడు జంపయ్య, ఎగతాళిగా.

అన్నాక గుర్తొచ్చింది. ఎండ లేని రోజుల్లో గూడెంలో సగం మంది సోలార్ దీపాలు చార్జింగ్ పెట్టుకునేది ఈ గదిలోనే. మంగళవారం పొద్దుగూకే వేళ తన దీపం తీసుకుపోతూ చేతికందిన వైరు చుట్టుకున్నాడు. లావుది. నల్లది. ఇప్పుడది ఇంట్లో గుంజకు వేలాడుతోంది.

చెబితే ఇందాక అన్న మాటలన్నీ తన మీదికే వస్తాయి. కాగితాల సంచి ముడి విప్పి మళ్లీ కట్టాడు.

"మధ్యాహ్నం దాటితే ఇక్కడ సిగ్నల్ ఉండదు బాబాయ్," అన్నాడు జకర్యా.

జంపయ్య లేచి ఇంటికి పోయాడు. తిరిగొచ్చి వైరును కీబోర్డు పక్కన పెట్టాడు. జకర్యా వైరును చూశాడు, అతన్ని చూశాడు, తగిలించాడు. లిస్టులో కొత్త వరస పడింది. కాగితాల కోసం చెయ్యి చాచాడు.

ఒక్కో కాగితం వెనక్కి వస్తుంటే జంపయ్య అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"పోయినయా?"

"పోయాయి."

అప్పటికి జంపయ్య భార్య కొండమ్మ అతనికి అన్నం, ఎండుచేపల పులుసు తెచ్చింది. జంపయ్య అడ్డాకులు రెండు పరిచి, అన్నం రెండు భాగాలు చేశాడు. ఒక ఆకు జకర్యా ముందుకు జరిపాడు.

జకర్యా చేతులు కడుక్కొచ్చి కింద కూర్చున్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.