జముకు కింద మాట

నాకు ముక్కు మీదే కోపం. కేసెట్ల కొట్టు పెట్టుకున్నవాడికి అది పనికిరాదని మా ఆవిడ పోరు. అరిగిపోయిన టేపు తెచ్చి కొత్తదానిలా చేసిమ్మంటే ఎవడికి మండదు? ఎనభై ఆరులో అసిరమ్మ మా కంచరపాలెం కొట్టుకి అలాగే వచ్చింది.

ఆవిడ జముకుల కథ చెప్పే మనిషి. ఆవిడ పాడుతుంటే మొగుడు పైడయ్య పక్కన జముకు వాయించేవాడు. తంతి మీటితే లోతుగా గుమ్మనే వాద్యం అది. కిందటేడు అమ్మవారి కథ నడుస్తుండగానే దాని మీద ఒరిగి ప్రాణం వదిలాడు. ఆనాటి కథని ఎవరో పట్టిన టేపు ఇది. సంవత్సరీకం నాడు దీన్ని పెట్టి, తోడుగా తను పాడాలట. తీరా వింటే ఆవిడ గొంతు తప్ప జముకు జాడే లేదు.

"ఆయన ఇనిపించాల బాబూ. అదొక్కటే నాకు కావాల," అంది.

అంత లోతు నాదం చిన్న స్పీకర్లో పలకదు. పక్క కొట్టులో రేడియోలు బాగుచేసే గులాం మొహమ్మద్ నాకు తయారుచేసిచ్చిన కంప్రెసర్ డబ్బా ఒకటుంది. పెద్ద శబ్దాన్ని నొక్కిపట్టి, మొత్తాన్ని పైకి లేపుతుంది. టేపుని అందులోంచి పంపించి వేరే కేసెట్‌కి ఎక్కించాను. అసిరమ్మ గొంతు అణిగింది, జముకు కాస్త లేచింది. దాంతోపాటు అడుగున పడి ఉన్నవన్నీ లేచాయి. రైలు కూత, జనం దగ్గులు, పైడయ్య ఊపిరి. ఆ ఊపిరి మధ్య ఒక మాట.

"ఆపీయే అసిరీ. ఊపిరాడతన్నేదు."

పట్టపగలు, బయట రిక్షాలు తిరుగుతున్నాయి. అయినా నా ఒళ్లు జలదరించింది. పాట హోరులో ఆవిడకి ఇది వినపడి ఉండదనుకున్నాను. ఇప్పుడు చెవిన పడితే ఇంక ఆ మనిషి బతుకుతుందా?

గులాంని పిలిచి, జముకు ఉండాలి, మాట పోవాలి అని చెప్పాను. డబ్బా తీసేసి, బేసు పెంచి, ఇంకో కేసెట్‌కి, టేపు పట్టలేనంత గట్టిగా ఎక్కించమన్నాడు. రెండూ శబ్దం పెంచేవే కదా, ఏమిటి తేడా అని కసిరాను.

"కాదు బావా. అది అడుగుదాన్ని పైకి తెత్తాది. ఇది పొంగించి ముంచేత్తాది," అన్నాడు.

శబ్దం కొలిచే మీటరు సూది ఎర్ర గీత దాటింది. జముకు గరగరలాడుతూ చిన్న స్పీకర్లో కూడా గుండెకి తగిలింది. మాట అందులో మునిగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు అసిరమ్మకి అదే వినిపించాను. కళ్లు మూసుకుని, టేపుతో కలిసి పాడింది. ఆ చోటు రాగానే ఆగి, స్పీకరుకి చెవి ఆనించింది.

"ఇక్కడో మాటుండాల," అంది.

ఏ మాటా లేదని గొణిగాను.

"నాకు ఆరోజే ఇనపడింది బాబూ. అమ్మోరి కథ మధ్యలో ఆపకూడదని ఆపనేదు. ఏడాది రోజున ఆయన మళ్లీ అడిగినప్పుడైనా ఆపుదారని ఈ టేపు తెచ్చేను. ఆ మాటున్నదే ఇయ్యి."

ఇంక దాచడానికేముంది? డబ్బాలోంచి ఎక్కించిన మొదటి కేసెట్ పెట్టాను. ఆవిడ పాట అందుకుంది. పైడయ్య మాట వచ్చింది. అసిరమ్మ చప్పున ఆగింది.

"ఆపీసేనయ్యా," అంది.

టేపులో ఆవిడ గొంతు పాడుతూనే ఉంది.