రెండో దెబ్బ

"మొదటి దెబ్బతో గొడవ లేదు మావయ్యా. గొడవంతా రెండోదానితోనే."

సోఫా మేస్త్రికి ఆమె మేనకోడలు, వకీలు కూడా. షాపులో స్ప్రింగు ఊడిన కుర్చీ ఈడ్చుకుని కూర్చుంది.

"కత్తితో మీద పడేవాణ్ణి ఆపడానికి వాడి ప్రాణం తీయాల్సొస్తే చట్టం తప్పు పట్టదు. కాపాడింది నీ ప్రాణమైనా, పక్కవాళ్లదైనా సరే. కానీ ప్రమాదం ఉన్నంతసేపే. కింద పడ్డాక కొడితే కక్ష కట్టి చంపావంటారు. పదేళ్లు లోపలేస్తారు."

"కక్షేంటే? వాడి మొహం చూడ్డం అదే మొదలు."

మూడు నెలల క్రితం మిట్టమధ్యాహ్నం షాపులోకి ఒకడు వచ్చాడు. మిషను కుట్టే అమ్మాయి వదిలేసి వచ్చిన మొగుడు. బల్ల మీదున్న ఫోమ్ కోసే కత్తి అందుకుని ఆమె మీదికి ఉరికాడు. ఆ అమ్మాయి మిషను కింద దూరి కళ్లు మూసుకుంది. మేస్త్రి చేతిలో సుత్తి ఉంది. నుదుటి మీద ఒక దెబ్బ, తల వెనక ఒకటి. ప్రాణం తీసింది రెండోదేనని డాక్టరు రాశాడు.

బెయిలు మీద బయటికొచ్చిన మేస్త్రి గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని పనిలో పడ్డాడు. ఒక్కో మేకు పెదాల మధ్య నుంచి తీసి కొడుతున్నాడు. టక్ టక్. టక్ టక్.

"ప్రతి మేకుకీ రెండేనా?"

"మొదటిది నిలబెట్టడానికి, రెండోది దిగ్గొట్టడానికి," అన్నాడు మేకుల సందులోంచి. "మధ్యలో ఆగితే ఒరిగిపోద్ది."

ఆమె కుర్చీలోంచి గభాల్న లేచింది. "దొరికింది! ముప్పై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే కొట్టింది. వాడు పడే లోపే రెండూ పడిపోయాయి!"

మేస్త్రి ఏదో అనబోయాడు. నోటినిండా మేకులు. అవి ఊసే లోపు ఆమె వీధిలో ఉంది.

కోర్టులో చెక్క, సుత్తి, మేకులు పెట్టారు. మేస్త్రి కొట్టాడు. టక్ టక్. "ఒక్కటే కొట్టి ఆపవయ్యా," అన్నాడు సర్కారు వకీలు. టక్ టక్. వెనక బెంచీల్లో నవ్వులు. మేనకోడలి మొహం వెలిగిపోయింది.

సర్కారు వకీలు మాత్రం నవ్వలేదు. "అయితే ఆ రోజూ ఇంతేనా? మధ్యలో ఆగలేదా?"

మేస్త్రి మేనకోడలి వైపు చూశాడు. ఆమె కళ్లతోనే బతిమాలింది. ఈసారి నోట్లో మేకులు లేవు.

"ఆగానండీ."

మేనకోడలి చేతిలో పెన్ను కింద పడింది.

"మొదటి దెబ్బకి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అయిపోయిందనుకుని సుత్తి దించాను. వాడు పాక్కుంటూ మిషను కిందకి కత్తి దూర్చాడు. అమ్మాయి కాలికి తగిలింది. మళ్లీ ఎత్తాడు. అప్పుడు కొట్టాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఆగానంటే ఆలోచించి కొట్టావంటారని భయపడ్డానండీ."

జడ్జి ఆసుపత్రి కాగితం తీయించి, మిషను కుట్టే అమ్మాయి చీలమండ మీది గాయం గురించి చదివించుకున్నాడు. పెనుగులాటలో తగిలిందని అందరూ వదిలేసిన గాయం. నిలబడినవాడి కత్తి మిషను కిందున్న చీలమండకి ఎలా అందిందని సర్కారు వకీలుని అడిగాడు.

వారం తర్వాత తీర్పు వచ్చింది. చేతి అలవాటు ఎవరికీ చంపే హక్కు ఇవ్వదని జడ్జి రాశాడు. ముద్దాయి ఆగి చూసినప్పుడు ప్రమాదం ఇంకా తీరలేదని, ఆ దెబ్బ ఆ అమ్మాయిని కాపాడటానికేనని కూడా రాశాడు. నిర్దోషి.

"నా కొంప ముంచావనుకున్నా మావయ్యా," అంది మేనకోడలు మెట్లు దిగుతూ.

"వినకుండా పరిగెత్తింది ఎవరే?"

మర్నాడు షాపు తెరిచారు. మిషను కుట్టే అమ్మాయి దారం ఎక్కిస్తూ చెవి రిక్కించింది. టక్. చాలాసేపటికి, టక్.

"ఏంటన్నా, ఇలాగైతే ఈ సోఫా ఎప్పటికయ్యేను?"

మేస్త్రి ఒరిగిపోయిన మేకు పీకి పక్కన పడేశాడు. ఇంకోటి నిలబెట్టి, ఒక దెబ్బ వేసి, ఆగి చూశాడు.