పెదవులు కలిసిన పాలపుంత

నేను ఒక మైకును. గొంతులే నా సరుకు. వచ్చిన గొంతును తరుగు లేకుండా తీగలోకి పంపడమే నా వ్యాపారం. మొదట భక్తిపాటల స్టూడియోలో ఉండేదాన్ని. అక్కడ దేవుడి పేరు తప్పు పలికితే పాట ఆపేసేవారు. అది మూతపడ్డాక కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ హాలుకు చేరాను. ఇక్కడ ఆకాశంలోని పేర్లకు అంత పట్టింపు లేదు.

ఒక విదేశీ అంతరిక్ష సీరియల్‌ను తెలుగు చేసేవారు. నౌక నాయకురాలికి గొంతు హైమవతిది. భర్త మంచాన పడ్డాక ఆ ఇంటికి ఆధారం ఆ గొంతే. మాటలు రాసేది మృత్యుంజయరావు. ఆయనకు అర్థం కన్నా తెర మీది పెదవులు ముఖ్యం.

ఒకరోజు హైమవతి కాగితం చూసి ఆగింది.

"గురువుగారూ, మొన్న శత్రువులు తగలబెట్టింది గ్రహాన్ని కదా! ఇవాళ పాలపుంత మొత్తం బూడిదైందంటున్నారు. మన నౌకా అందులోదే కదండీ? మనమెలా మిగిలాం?"

"మొన్న ఆవిడ వీపు కనబడిందమ్మా, ఏమన్నా చెల్లింది. ఇవాళ క్లోజప్పు. మాట మొదట్లోనే పెదవులు మూసింది. 'గ్ర' అంటే మూతపడతాయా? 'పా' పడాలి. కానివ్వు."

ఆమె చెప్పింది. పెదవులు అతికినట్టు కలిశాయి. ఆయన మురిసిపోయాడు.

మరుసటి వారం, బూడిదైన ఆ పాలపుంతలోనే నౌక తిరిగింది, జనం పెళ్లిళ్లు చేసుకున్నారు. ప్రేక్షకులు హైమవతి మాటను ఫోన్లలో తిప్పుకుని నవ్వారు. ఛానెల్ మనిషి ఊడిపడ్డాడు.

"రాసిందెవరో ఎవడికి కావాలండీ? జనానికి తెలిసింది గొంతు. దాన్ని మార్చేయండి."

మృత్యుంజయరావు పెన్ను మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఏ బేరంలోనైనా చౌకగా దొరికేదే ముందు తెగుతుంది.

కొత్తమ్మాయి వచ్చింది. అదే గ్రహాన్ని ఆమె నక్షత్రమంది. ఎవరూ ఆపలేదు.

కొన్ని నెలలకు హైమవతికి పిలుపొచ్చింది. సంభాషణలకు కాదు, తగలబడే జనంలో అరవడానికి. చిక్కిపోయింది. మెడలో పసుపుతాడు లేదు.

"ఈసారి కాలిపోయేది ఏంటి గురువుగారూ, గ్రహమా, నక్షత్రమా?"

"కేకకి పేరెందుకమ్మా? నోరు బాగా తెరువు, చాలు."

తెరిచింది. ఇన్నేళ్లలో నేను మోసిన సరుకంతా ఒక తూకం, ఆ కేక ఒక తూకం. నా లోపలి పొర చిట్లిపోయింది.

"మైకు పోయిందమ్మా, రికార్డు కాలేదు," అన్నాడు ఇంజనీరు. నన్ను విప్పి తుక్కుబుట్టలో పడేసి, ఇంకో మైకు బిగించాడు. "మళ్లీ అరవండి."

ఆమె మళ్లీ అరిచింది.