బొడ్లో దోపిన అగ్గిపెట్టె

పొద్దున్నే పిల్ల బట్టలు ఉతుక్కుని బకెట్‌తో దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి మగవాళ్లంతా వరసగా చేతులెత్తి నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ డానియల్ ఒక్కొక్కరి జేబులు తడుముతున్నాడు. బీడీలు, అగ్గిపెట్టెలు, గుట్కా పొట్లాలు అట్టపెట్టెలో పడుతున్నాయి. నన్ను చూసి "నువ్వు పోమ్మా" అన్నాడు. ఆడవాళ్లను తడమరు, అది మర్యాద. అందుకే మా ఆయన శివకృష్ణ బీడీకట్ట, అగ్గిపెట్టె నా బొడ్లో ఉంటాయి.

ఇది దవాఖానకు వచ్చాక మొదలైన పని కాదు. గొర్రెల్లో ఏ పిల్ల ఏ తల్లిదో ఇట్టే చెప్పే మనిషికి అగ్గిపెట్టె ఎక్కడ పెట్టాడో మాత్రం గుర్తుండదు. పెళ్లైన కొత్తలోనే మా అత్త సుక్కమ్మ, "నీ బొడ్ల పెట్టుకో బిడ్డా, ఆనికి యాదుండది" అంది. అప్పటినుంచి ఆయన చెయ్యి చాపడం, నేను తీసి ఇవ్వడం. రొట్టె చేస్తున్నా, పిల్లకు పాలిస్తున్నా, కడుపునొప్పితో ముడుచుకుని పడుకున్నా అంతే. ఇమ్మని నోటితో అడిగేదీ లేదు. నా నడుము ఆయన సామాను పెట్టుకునే గోడగూడు అయిపోయింది.

ఎనిమిది నెలల మనస్వినికి ఊపిరి ఆడక ఇక్కడ చేర్చాం. పిల్లల వార్డులో తల్లులు పాలిస్తుంటారని మగవాళ్లను ఉండనివ్వరు. అదీ మర్యాదే. వాళ్లంతా బయట వరండాలో, సరిగ్గా మా కిటికీ కింద కూర్చుంటారు. ఉక్కకు కిటికీ మూయలేం. ఊచల్లోంచి ఆయన చెయ్యి లోపలికి వస్తుంది, నేను ఇస్తాను, కాసేపటికి అదే దారిలో పొగ వస్తుంది.

నిన్న డాక్టర్ స్నేహలత మేడం పిల్ల రొమ్ము మీద గొట్టం ఆనించి విని, "ఇంట్లో బీడీ ఎవరైనా తాగుతారా?" అని అడిగింది.

"ఆయన బయటనే తాగుతడు మేడం," అన్నాను.

ఆమె కిటికీ వైపు చూసింది. ఎండ పడ్డ చోట పొగ నీలంగా తేలుతోంది. "ఈ పొగ లోపలికి వస్తున్నంతకాలం మేమెన్ని మందులిచ్చినా ఈ పిల్లకు ఆయాసం తగ్గదమ్మా," అంది మెల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నిప్పు గేటు దాటించింది నేనే కదా.

ఆమె వెళ్లాక కిటికీ దగ్గరికి పోయి, "పిల్లకు పొగ పడ్తలేదంట. జర చెట్ల కిందికి పోరాదయ్యా," అన్నాను.

"గీ ఎండల యాడికి పోవాలె? నేనొక్కన్నే తాగుతున్ననా?" అన్నాడు. అదీ నిజమే. వరండా అంతా నా అగ్గిపెట్టెతోనే ముట్టించుకుంటోంది.

అత్తకు ఫోన్ చేసి చెబితే, "బిడ్డ ఫికర్ల తాగుతున్నడే. మొగోడు ఇంకేం జెయ్యాలె? నువ్వు ఊకె సతాయించకు," అంది. మరి నా ఫికర్, నా దిగులు? పడుకోబెడితే పిల్లకు ఊపిరాడదని రాత్రంతా భుజం మీద నిలువుగా ఎత్తుకుని గోడకు ఆనుకుంటున్నాను. నేను దేన్ని కాల్చుకోవాలి? ఆ మాట అడిగినవాళ్లు లేరు. నాకు చచ్చేంత కోపం వచ్చింది, ఆమె మీద, ఆయన మీద, అన్నిటికంటే ఎక్కువగా అడగకముందే అందించే నా చేతి మీద.

పక్క మంచంలో మనవడితో ఉన్న బిక్షమ్మ అంతా విన్నది. "అయిపోయినయని చెప్పు బిడ్డా. లొల్లి ఉండది. నా సంసారమంత గట్లనే ఎల్లదీసిన," అంది. నాకు మాత్రం తెలియని విద్యా? తలనొప్పి అన్నాను, ఫోన్‌లో చార్జింగ్ లేదన్నాను, ఎన్ని అనలేదు. కానీ అయిపోయాయంటే ఆయన బజారుకు పోయి కొత్తవి తెస్తాడు. గేటు దగ్గర మళ్లీ నా చేతికే ఇస్తాడు.

ఇవాళ మధ్యాహ్నం ముక్కుకు పెట్టిన ఆవిరిమందు మాస్కు తీశాక మనస్విని నా భుజం మీద నిద్రపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతూనే ఉంది. ఊచల్లోంచి చెయ్యి వచ్చింది. ఆయన అటు తిరిగి ఎవరితోనో గొర్రెల బేరం మాట్లాడుతున్నాడు. నా కుడిచెయ్యి దానంతటదే బొడ్లోకి పోయింది. అగ్గిపెట్టె వేళ్లకు తగిలింది. అక్కడే ఆపాను.

ఆ చెయ్యి ఇమ్మన్నట్టు వేళ్లు ఆడించింది. ఏమీ అందకపోయేసరికి ఆయన ఇటు తిరిగాడు. "ఏమే, అయిపోయినయా?"

బిక్షమ్మ అవునని చెప్పమన్నట్టు తల ఊపింది. నేను పిల్లను ఇంకొంచెం పైకి ఎత్తుకుని, ఆయన కళ్లలోకి చూశాను.

"అయిపోలె. బొడ్లనే ఉన్నయ్. నేనియ్యను."