కుడి ద్వారబంధము

శిశిరము ముదిరిన యా దినములలో పోలండు దేశపు తూర్పుసీమయందలి భూర్జవనములు పత్రవిహీనములై హిమభారావనతశాఖలతో నిశ్శబ్దముగా నిలిచియుండెను. సూర్యుడు పేరునకు మాత్రమే యుదయించి మధ్యాహ్నము తిరుగకమునుపే ధూమధూసరమేఘపంక్తులలో మునిగిపోవుచుండెను. ఏటినీరు గడ్డకట్టిపోగా బాతులు దిక్కుతోచక యొడ్డున నిలిచి యొకదాని మొగము నొకటి చూచుకొనుచుండెను. ఆ వనమున కావలనున్న పట్టణములో నాజీపాలకులు యూదులను వీధివీధికి గుమిగూర్చి రైలుపెట్టెలలో క్రుక్కి యెచటికో పంపుచుండిరి. పోయినవారిలో నొక్కరి కబురైనను తిరిగి రాలేదు.

అట్టి యొక సాయంసమయమున పెర్లా యను యూదువనిత తన యైదేండ్ల కూతురు ఫైగాను కంబళిలో చుట్టి యెత్తుకొని వనాంతమున నొంటరిగా నివసించు అపొలోనియా యను వృద్ధవితంతువు వాకిట నిలిచెను. అపొలోనియా పట్టణమున గ్రుడ్లును వెన్నయు నమ్ముకొని బ్రతుకునది. పెర్లా యింటికి ఏండ్ల తరబడి వాడుకగా నిచ్చినది. యూదులకు చోటిచ్చినవారి యింటిల్లిపాదికిని మరణదండన యని చాటింపు వేయబడినదని యామె యెఱుగును. ఎఱిగియు తలుపు తెఱచెను.

"తల్లీ! నేటినుండి నీ పేరు తెక్లా. ఈమె నీ యవ్వ. మన భాషలో నొక్క మాటయు నోట రానీయకుము" అని పెర్లా బిడ్డ చెవిలో చెప్పెను. తానును అచట దాగినచో తన యుచ్చారణయే యిరువురను పట్టియిచ్చునని యెఱిగినది గావున నామె నిలువలేదు. వెనుదిరిగి చూడకయే పోయెను.

పసితనము దేనికైనను అలవాటుపడును. కొంతకాలము గడచునప్పటికి బిడ్డ క్రైస్తవప్రార్థనలు తడబడక వల్లించుచు ఇరుగుపొరుగువారికి అపొలోనియా చెల్లెలి మనుమరాలుగా చలామణి యగుచుండెను. తన పేరు మఱచెను. తల్లిభాష మఱచెను. తల్లి మొగమును గూడ మఱచుచుండెను. అన్నింటిని మఱచిన యా బిడ్డ చేయి మాత్ర మొకదానిని మఱవలేదు.

యూదుల గృహములలో కుడి ద్వారబంధమునకు చిన్న గొట్టమొకటి బిగింపబడియుండును. అందు దైవవాక్యములు వ్రాసిన చర్మపత్రము చుట్టి యుంచుదురు. దానిని మెజూజా యందురు. గడప దాటునప్పుడు దానిని వ్రేళ్లతో తాకి యా వ్రేళ్లను ముద్దిడుకొనుట వారి యాచారము. పెర్లా తన బిడ్డకు అందనినాడు ఎత్తి పట్టుకొని తాకించెడిది. అపొలోనియా గుమ్మమున గొట్టము లేకున్నను బిడ్డ లోనికి వచ్చినప్పుడెల్ల మునివ్రేళ్లపై నిలిచి కుడి ద్వారబంధమును తాకి ముద్దిడుకొనుచుండెను. చేసిన సంగతి దానికే తెలియదు.

ముసలిది గద్దించెను. బుజ్జగించెను. తుదకు బిడ్డ కుడిచేతికి గుడ్డ చుట్టి కీలు బెణికినదని యూరివారితో చెప్పెను. మఱునా డెడమచేయి లేచెను. అపొలోనియాకు నవ్వును ఏడుపును ఒక్కమాఱే వచ్చినవి. "ఓసి పిచ్చితల్లీ! నీ చేయి మానకున్నచో నా గుమ్మమే మాఱవలసియున్నది" అని ప్రార్థనాపీఠమున నున్న పవిత్రజలపాత్రను తెచ్చి కుడి ద్వారబంధమునకు బిడ్డ చేతి యెత్తున మేకు కొట్టి తగిలించెను. చేయి యెట్లును లేచును. లేచిన చేయి నీటిలో ముంచి, క్రైస్తవులు గడప దాటునప్పుడు చేయునట్లు, నుదుట సిలువగుఱుతు వేసికొన్నచో నడుగువారుండరు. బిడ్డ త్వరలోనే నేర్చుకొనెను. ఐనను ఆదమఱచినప్పుడు సిలువగుఱుతు పోయి ముద్దే మిగులుచుండెను.

ఒకనాటి మధ్యాహ్నమున జర్మను సేనాధికారి యొకడు దుబాసియగు లుద్విక్కును వెంటనిడుకొని యిండ్లు సోదాచేయుచు వచ్చెను. లుద్విక్కు పూర్వము పట్టణమున నొక యూదువర్తకుని బట్టలకొట్టులో పనిచేసి వారి యుప్పు తిన్నవాడు. వారి యాచారములన్నియు వానికి కరతలామలకములు. వారు లోపల నుండగనే బాతులకు గింజలు చల్లి తెక్లా లోనికి వచ్చెను. అపరిచితులను చూచి బెదరెను. చేయి లేచెను, వ్రేళ్లు నీట మునిగెను, మునిగిన వ్రేళ్లు తిన్నగా పెదవులకు పోయెను.

లుద్విక్కు కనులు చిన్నవయ్యెను. "అవ్వా! ఈ ముద్దెక్కడి యాచారము? ఇట్లు చేయువారిని నే నెఱుగుదును."

అపొలోనియా లేచి తిన్నగా గుమ్మమునొద్దకు పోయి వ్రేళ్లు ముంచి ముద్దిడుకొని వానివైపు తిరిగెను.

"నా యింటి యాచారము నాయనా! దీనికి నేనే నేర్పితిని. అది యట్లుండనిమ్ము. నీవును నా గడప దాటి వచ్చితివి గదా! పవిత్రజలము ముట్టితివా? బాప్తిస్మము పొందినవాడవు గుమ్మమునొద్ద దేవుని మఱచితివి. పసిదానిని విచారింతువా?"

ఏమి గొడవ యని యధికారి ప్రశ్నింపగా లుద్విక్కు నీళ్లు నమలుచు ముసలిదాని నింద మాత్రము చెప్పెను. అధికారి పకపక నవ్వి పోయి ముట్టుమని గుమ్మమువైపు వ్రేలు చూపెను. దుబాసి మొగము కందగడ్డయయ్యెను. వాడు పోయి వ్రేళ్లు ముంచెను. ముసలిది చూపు మరల్చలేదు. ఆ యింటి యాచారము తప్పినచో మరల నవ్వులపాలగుదునని వాడును ముద్దిడుకొనెను. తాను చేసిన పనినే నేరమని చెప్పుటకు పిదప వానికి నోరాడలేదు. వారు బాతులను కొన్నింటిని పట్టుకొని పోయిరి.

వారి యడుగుల చప్పుడు మాయమైన పిమ్మట అపొలోనియా నేలపై కూలబడి వెక్కి వెక్కి యేడ్చెను. "అవ్వా! నేను తప్పు చేసితినా?" అని బిడ్డ యామె చెంపలు తుడిచెను.

"లేదమ్మా! ఇకమీద మన మిరువురమును అట్లే చేయుదము" అని ముసలిది దానిని గుండెకు హత్తుకొనెను. నాడాడిన బొంకును నిజము చేయుటకు ప్రతిదినమును తానును ముద్దిడుకొనుచుండెను. కొన్నాళ్లకు అది బొంకన్నమాటయే యామె మఱచెను.

యుద్ధము ముగిసినది. ఏఱు కరగి పాఱినది. భూర్జవనములు చిగిరించిన యొక యుదయమున పలుచని వెండ్రుకలతో అస్థిపంజరప్రాయమైన దేహముతో నొక స్త్రీ వాకిట నిలిచి "ఫైగా!" యని పిలిచెను. ఆ పేరు ఎవరిదో బిడ్డకు తెలియలేదు. "అవ్వా! ఎవ రీమె?" యని వెఱచి ముసలిదాని గౌను చాటున దాగెను. చావక బ్రతికి వచ్చిన పెర్లాకు చావునకంటె కష్టమైన క్షణ మదియే. ఆమె వెనుదిరుగబోయెను.

"లోనికి రమ్మా!" యని అపొలోనియా పిలిచెను.

కన్నీట చూపానని పెర్లా తడుముకొనుచు గడప దాటెను. దాటుచుండగా కుడిచేయి తనంతట తానే లేచెను. గొట్టమునకు మాఱుగా నీరు తగిలెను. ఆ తడివ్రేళ్లనే యామె ముద్దిడుకొనెను.

బిడ్డ చాటునుండి వెలికి వచ్చెను. ఆ చేతిని చూచెను. మొగమును చూచెను. మఱల చేతిని చూచి మెల్లగా దగ్గఱకు పోయి యా తడివ్రేళ్లను పట్టుకొనెను.

"అవ్వా! ఈమె మన యింటిదే."

చలిగాలి వచ్చుచున్నదను నెపమున అపొలోనియా పోయి తలుపు మూసెను. తిరిగివచ్చుచు తానును కుడి ద్వారబంధమును తాకెను.