చిలక్కొయ్యల మీది రంపం

జ్ఞానరాజును గదిలో పెట్టి తాళం వేస్తారన్న సంగతి నాకు అతని కోడలు కృపామణి చెప్పింది. బజారులో నన్ను చూసి ఆగింది.

"కొండన్న మావయ్యా, ఓపాలి ఇంటికొచ్చి మీ నేస్తాన్ని సూసెల్లు. రేపట్నించి గదికి తాళం ఎయ్యాలంటన్నాడు మీ అబ్బాయి."

మీ అబ్బాయి అంటే ఆమె మొగుడు మార్కు. నాకేమీ కాడు, జ్ఞానరాజు కొడుకు. అయినా అలాగే అనేది.

అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం. జ్ఞానరాజుకి వచ్చిన జబ్బుకి ఇప్పుడు అల్జీమర్స్ అని పేరు చెబుతున్నారు. అప్పట్లో నర్సీపట్నంలో మాకు తెలిసింది మతి తప్పడం ఒక్కటే. చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి పక్కవాళ్లను భోజనం చేశారా అని అడిగేవాడు. చేశామంటే సంతోషపడి కూర్చునేవాడు. దానికెవరూ విసుక్కోలేదు. కాని అప్పటికి కొన్నాళ్లుగా తెల్లవారుతూనే లేచి, ఎవరికీ చెప్పకుండా కొయ్యూరు రోడ్డు పడుతున్నాడు. ఒకసారి లారీ కింద పడబోయాడు.

మేమిద్దరం రంపకోత పనివాళ్లం. కొయ్యూరు అడవుల నుంచి దిగిన దుంగను ఊరి చివర అదే రోడ్డు పక్కనున్న కోతగొయ్యి మీద అడ్డంగా పెట్టి, ఒకడు పైన నిలబడి, ఒకడు గొయ్యిలో దిగి, ఒకే రంపాన్ని చెరోవైపు లాగాలి. పైన జ్ఞానరాజు, కింద నేను. కిందవాడి కళ్లల్లో రంపపు పొట్టు పడుతుంది. నేను చెప్పేవాణ్ణి కాదు. నాకు మాట తక్కువ. మూడో తరగతితో బడి మానేసింది కూడా పంతులు అడిగినదానికి నోరు విప్పలేకే. లాగుడులో తేడా పట్టుకుని అతనే రంపం ఆపి, వంగి చూసి, తడి తువ్వాలు అందించేవాడు.

ఆ రంపం జ్ఞానరాజు వాళ్ల వరండా గోడకి చిలక్కొయ్యల మీద ఉండేది. పొద్దున్నే దాన్ని నేను తీసుకెళ్లేవాణ్ణి. పడుకున్న మనిషిని పిలవడం నాకు చేతకాదు. చప్పుడు చేయకుండా తీసుకుపోయి దుంగ సరిచేసుకునేవాణ్ణి. అతను లేచి, గోడ ఖాళీగా ఉంటే నేను వెళ్లిపోయానని తెలుసుకుని వెనకాలే వచ్చేవాడు. పని చేసినన్నాళ్లూ అంతే. తర్వాత కోతమిషను వచ్చింది. గొయ్యి పూడ్చేశారు. రంపం గోడమీదే ఉండిపోయింది.

మర్నాడు వెలుగు రాకుండానే వాళ్లింటికి వెళ్లాను. మార్కు వరండాలో తండ్రి భుజాలు పట్టుకుని ఆపుతున్నాడు.

"ఒగ్గీ నాయనా, ఒగ్గీ," అని విడిపించుకోబోతూ బతిమాలుతున్నాడు జ్ఞానరాజు.

"సూసేవా బాబాయ్? రోజూ ఇదే వరస," అన్నాడు మార్కు. "లెగుస్తాడు, ఈ గోడ కాసి సూస్తాడు, ఇంక ఆగడు. కొండన్న ఎల్లిపోయాడంటాడు. నీకోసమే పోతన్నాడు. నువ్వొచ్చి ఎదర నిలబడితే ఆనవాలు కట్టడు."

జ్ఞానరాజు నా వైపు తిరిగాడు. కొత్తవాళ్లతో మాట్లాడే మర్యాదతో అన్నాడు.

"మీరైనా సెప్పండి బాబూ. ఆడు గొయ్యిలోకి దిగిపోయుంటాడు. కంట్లో పొట్టు పడినా సెప్పడు. మాటాడ్డు ఆడు. పైనున్నోడే సూసుకోవాల."

అతని ముఖం చూడలేక గోడ వైపు చూశాను. చిలక్కొయ్యలు ఖాళీగా ఉన్నాయి.

"రంపమేదిరా?"

"పళ్లు సెయ్యి కోసీగలవని తీసీసేను. పెరట్లో కట్టెల ఎనక పెట్టేను."

"ఎప్పుడు?"

"వానల ముందర."

"అది గోడమీద ఉన్నన్నాళ్లూ రోడ్డెక్కీవోడా?"

లోపల్నుంచి కృపామణి అంది, "నేదు మావయ్యా. అప్పుడు మాటలే మరిసిపోయీవోడు. రోడ్డెంట నడక నేదు."

పెరట్లోకి వెళ్లి రంపం తెచ్చాను. తుప్పు పట్టింది. పళ్లకి గోనెపట్టా చుట్టి, చిలక్కొయ్యల మీద పెట్టాను.

జ్ఞానరాజు చూశాడు. పెనుగులాడడం మానేశాడు. మార్కు చేతులు తీసేశాడు.

"ఇంకా ఎల్లనేదన్నమాట," అంటూ అతను గోడవారగా కూర్చున్నాడు. "పడుకునుంటాడు. పడుకోనీండి. నిన్న సానా కోసేం."

మార్కు జేబులోంచి కొత్త తాళం తీసి కృపామణి చేతికిచ్చాడు. ఆమె దాన్ని తన బట్టల పెట్టెకి వేసుకుంది.

ఆ తర్వాత కూడా అతను పొద్దున్నే లేచేవాడు. గోడ చూసుకుని కూర్చునేవాడు. నేను వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. నన్ను ఎవరని అడగలేదు. భోజనం చేశారా అని అడిగేవాడు. చేశానని పైకే చెప్పేవాణ్ణి, అతను వినేట్టు.

ఎనభై ఆరు వానాకాలంలో పోయాడు. సమాధి చేసి వచ్చాక మార్కు వరండాలో నా పక్కన కూర్చున్నాడు.

"ఆ రంపం నువ్వట్టుకెల్లిపో బాబాయ్. అయ్య గురుతుగా ఉంటాది."

గోడ వైపు చూశాను.

"ఉండనీరా," అన్నాను. "తీస్తే లెగిసొచ్చీగల్డు."

మార్కు లేచి, జారిన గోనెపట్టా సరిచేసి లోపలికి వెళ్లాడు.